నాలుగు వందల రెండు మీటర్ల అవతల

3 జనవరి 2025, శుక్రవారం

ఈ డైరీ మహీన్ ఇచ్చింది. దాని ల్యాబుకు ఏదో మందుల కంపెనీ వాళ్లు పంచారట. "బీపీ పెరుగుతున్నది నీకు. అబ్బా మీద కోపమొచ్చినప్పుడల్లా ఇండ్ల రాస్కో అమ్మీ, అరవకు" అని చెప్పి ఖమ్మం బస్సెక్కింది. కూతురు తల్లికి ఇచ్చే సలహా ఇది. రోజుకు ఒక్క పేజీ ఉంది ఇందులో. ఆ మనిషితో కాపురం చేసేదానికి ఒక్క పేజీ ఏ మూలకు?

జుమ్మా నమాజు నుంచి వచ్చీ రాగానే, వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉండగా, బండిని ట్రాలీ ఆటోలోకి ఎక్కించాడు. యాభై మూడేళ్లు. దమ్మపేటలో ఈయన ఈడు వాళ్లంతా పామాయిల్ తోటలు చూసుకుంటూనో, మనవళ్లను బడికి దింపుతూనో మర్యాదగా బతుకుతున్నారు. మా జానీ మియాకు మాత్రం నాలుగు వందల రెండు మీటర్లు కావాలి. ముప్పై మూడేళ్లుగా అదే. ఆ పరుగు ఒక ఊరికి పోయేది కాదు, ఒక పనికి పోయేది కాదు. నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా లేచి నాలుగు వందల రెండు మీటర్లు పోవడం, ఆగడం, బండి తిప్పుకుని రావడం. దీని పేరు డ్రాగ్ రేసు. పెళ్లయిన కొత్తలో మా అమ్మ మధిర నుంచి వచ్చి ఒకసారి చూసి, "ఇంతేనా? ఈ దూరానికి నడిచిపోతే సరిపోయేది గదా" అంది. ఇరవై ఎనిమిదేళ్లయింది, ఇంతవరకూ దానికి జవాబు చెప్పలేదు ఈయన.

అడవి అంచున ఇంకా తెరవని బైపాస్ ముక్క ఒకటుంది. శుక్రవారం ఈయన మెకానిక్ గ్యారేజీకి సెలవు కాబట్టి అక్కడికే పోతాం. ఒక చివర బలరాం నిలబడి ఎర్ర గుడ్డ కిందికి దించుతాడు. బలరాం తండా మనిషి, బడిలో పీఈటీ సారు, ఈయనకు మీసాలు రాకముందు నుంచి స్నేహితుడు. రెండో చివర నేను స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడతాను. గుడ్డ దిగగానే ఒకసారి నొక్కాలి, ముందు చక్రం సున్నపు గీత దాటగానే ఇంకోసారి. నాకు ఇష్టమై పోను. నేను పోకపోతే ఇంకెవరు పోతారు? పైగా ఆ అన్నం డబ్బాలో పెట్టుకుపోయి అక్కడైనా తినిపించాలి.

హెల్మెట్ తీసి, "ఎంత?" అన్నాడు.

"పద్నాలుగు నాలుగు."

"అవ్? నిజంగ?" అని పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. తర్వాత డబ్బా ఖాళీ చేశాడు.

వాచీలో పదిహేను పాయింట్ మూడు సెకన్లు ఉంది. అది జాకెట్ల కొలతల పుస్తకంలో రాసుకున్నాను.

5 జనవరి

సరళ టీచరు జాకెట్టుకు వచ్చింది. నడుము ముప్పై ఎనిమిది. "ముప్పై ఆరు" అని పైకి అన్నాను, పుస్తకంలో ముప్పై ఎనిమిది రాశాను. మిషను తొక్కి బతికే ఆడవాళ్లం అందరం చేసేది ఇదే. నోటికి ఒక కొలత, పుస్తకానికి ఒక కొలత. కత్తెర పుస్తకం మాట వింటుంది, మనిషి నోటి మాట వింటుంది. జాకెట్టు సరిగ్గా కుదురుతుంది, ఆమె మొహం కళకళలాడుతుంది. ఎవరికి నష్టం?

ఈయన సంగతీ అంతే. రెండేళ్ల కింద డెంగ్యూ వచ్చి పదకొండు రోజులు దవాఖానాలో పడుకున్నాడు. లేచి నెల తిరక్కముందే బండెక్కాడు. అంతకు ముందు పద్నాలుగున్నర దాటని మనిషి, ఆ రోజు పదిహేను ఎనిమిది. హెల్మెట్ తీశాక ఆ మొహం చూశాను. బుగ్గలు లోపలికి పోయి కళ్లు మాత్రం మిగిలి ఉన్నాయి. నా నోరు దానంతటదే "పద్నాలుగు తొమ్మిది" అంది. ఒకసారి ఆ మాట అన్నాక మరుసటి వారం పదిహేనున్నర అని ఎలా చెప్పాలి? జ్వరం పడ్డ మనిషి వారం వారం బాగుపడాలి గానీ.

దీన్ని అబద్ధం అనను. ఓదార్పు అంటాను.

8 జనవరి

పండుగ జాకెట్లు ఇంకా పంతొమ్మిది. ఈయన నా ఇస్త్రీ బల్ల మీద కార్బురేటర్ విప్పి పెట్టాడు. సరళ టీచరు పట్టు జాకెట్టు నిండా పెట్రోలు వాసన. నీడలో ఆరేశాను. ఇంకేం రాయను?

10 జనవరి, శుక్రవారం

ఈయనకూ ఒక పుస్తకం ఉంది. వారానికి ఒక్కటే మార్చాలని నియమం. ఒక వారం జెట్ మారుస్తాడు. అది వేలిగోరంత ఇత్తడి ముక్క, దాని రంధ్రం లోంచే ఇంజనుకు పెట్రోలు దిగుతుంది. ఇంకో వారం వెనక చైను చక్రం తీసి, ఒక పన్ను తక్కువున్నది వేస్తాడు. మార్చింది రాసి, పక్కన నేను చెప్పిన టైము రాస్తాడు. టైము బాగుంటే ఆ మార్పు ఉంచుతాడు, లేకపోతే తీసేస్తాడు. నమాజు తప్పినా ఈ రాత తప్పదు.

ఈరోజు కూడా పద్నాలుగు నాలుగే చెప్పాను. రాసుకుని, పెన్ను మూత పెట్టకుండా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"నెంబర్ మంచిగనే వస్తున్నది ఖుద్సీ. చేతికేమో బండి బద్ధకంగ తగుల్తున్నది. లేచేటప్పుడు గుంజుతలేదు."

"నెంబర్ బాగుంటే చాలదా మీకు?"

"గదే గద. నెంబర్ కరెక్టున్నది. గంటే నా చెయ్యే మొద్దుబారింది."

"వయసు వస్తుంది మరి, రాదా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఇంటికి వచ్చాక ఒక ఫారం చూపించాడు. ఫిబ్రవరి ఇరవై మూడున హైదరాబాద్ అవతల ఎవరిదో ప్రైవేటు రన్‌వే మీద పోటీ. రెండేళ్లుగా పోలేదు. ఒకసారి డెంగ్యూ, ఒకసారి వానకు పోటీనే రద్దయింది. అక్కడ గుడ్డలూ వాచీలూ ఉండవు. లైట్లు, కరెంటు కళ్లు, ఇంత పెద్ద బోర్డు. పొద్దున ఒక పరుగు పెట్టిస్తారు, పదిహేను సెకన్లు దాటిన వాళ్లను అక్కడి నుంచే ఇంటికి పంపిస్తారు. ఫారంలో "మీ ఉత్తమ టైము" అన్న గడిలో తన గుండ్రటి అక్షరాలతో 14.4 అని రాశాడు.

"పదిహేను దాటితే ఇంక ఆ బండి ముట్ట. ఖుదా కసమ్" అన్నాడు. దాటదన్న ధీమాతో నవ్వుతూ అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్లుగా నేను మొక్కుకుంటున్నది అదే కదా, ఆ బండి వదిలిపెట్టాలని. సంతోషంగా ఉండాలి. టీ పొంగిపోయి గిన్నె మాడింది.

13 జనవరి

చందూలాల్ సేఠ్ స్కూటర్ తెచ్చాడు. స్టార్ట్ చేసి నిలబెట్టాడు. ఒకప్పుడు ఈయన వీధి చివర బండి శబ్దం విని, అది మలుపు తిరిగేలోపే జబ్బు చెప్పేవాడు. ఈరోజు పక్కనే కూర్చుని, ఇంజను మీద అరచెయ్యి పెట్టి, ఎంతోసేపు విన్నాడు.

"నాకు సమజైతలేదు సేఠ్. సత్తుపల్లిల ఎవరికన్న చూపియ్యుండ్రి."

సేఠ్ నా వైపు చూశాడు. నేను కత్తెర వైపు చూశాను. ఈ నెలలో ఇలా వెనక్కి పంపింది నాలుగో బండి.

చేతికి ఏదో అయింది. షుగరేమో. నరాలేమో. పొద్దస్తమానం ఫోను పట్టుకుంటే ఏ చెయ్యి బాగుంటుంది?

16 జనవరి

ఖమ్మంలో నరాల డాక్టరుకు చూపించాం. చేతికి వైర్లు పెట్టి, కరెంటు ఇచ్చి, సూదులు గుచ్చి, చివరికి ఏమీ లేదన్నాడు. బలానికి మాత్రలు రాశాడు. ఏమీ లేకపోతే బండ్లను సత్తుపల్లి ఎందుకు పంపుతున్నాడు ఈయన? డాక్టర్లకు ఏం తెలుసు?

బస్సులో దారంతా ఈయన ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, వేరే ఎవరి సామానో పట్టుకున్నట్టు.

17 జనవరి, శుక్రవారం

జెట్ మళ్లీ మార్చాడు. పద్నాలుగు మూడు అన్నాను. మనసు బాగాలేని మనిషికి ఒక చుక్క ఎక్కువ వేశానంతే.

వాచీలో పదిహేను నాలుగు.

19 జనవరి, ఆదివారం

మహీన్ వచ్చింది. దాని కుర్తా కొలత చూసుకుంటానని పుస్తకం తీసింది. తియ్యకురా అనేలోపే తీసింది.

"అమ్మీ, గిదేంది? అందరి కొలతల నడుమ జా.మి. పదిహేను మూడు, జా.మి. పదిహేను నాలుగు అని?"

"మీ అబ్బా మెడ కొలత."

"అబ్బా మెడ వారం వారం మారుతదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. చెప్పేశాను. ఓదార్పు అని కూడా చెప్పాను. అది మంచం మీద కూలబడింది.

"మా ల్యాబ్‌ల షుగర్ మూడొందలున్నోళ్లకు నూట ఇరవై అని రాసిస్తే ఖుష్ అయి పోతరు. పోయి స్వీట్లు తింటరు. గట్లనే ఉన్నది నీ పని."

"జాకెట్టు సరిపోతే చాలు, నోటితో ఏం చెబితే ఏం?"

"నువ్వు పుస్తకం చూసి కత్తిరిస్తవ్. అబ్బా దగ్గర నీ పుస్తకం లేదు గద. అబ్బా నీ నోటి మాట పట్టుకునే కత్తిరిస్తున్నడు!"

తల్లికి పాఠం చెప్పడానికి ఖమ్మం నుంచి ఫ్రీ బస్సెక్కి వచ్చింది. అది మూడింటి బస్సుకు పోయింది.

20 జనవరి

అర్థమయింది. అర్థం కాకపోతే బాగుండేది.

21 జనవరి

రాస్తేనైనా కడుపు మంట తగ్గుతుందేమో.

ఆయన ఏది మార్చినా నేను "బాగుంది" అన్నాను. పెద్ద జెట్ వేస్తే బాగుంది. ఇంకా పెద్దది వేస్తే ఇంకా బాగుంది. చక్రానికి ఒక పన్ను తీస్తే బాగుంది, రెండు తీస్తే మరీ బాగుంది. రెండేళ్లలో ఒక్క మార్పూ వెనక్కి తియ్యనివ్వలేదు నేను. బాగున్న బండిని వారానికి ఇంత చొప్పున పాడు చేయించాను, అదీ ఆయన చేతులతోనే. మనిషి నెమ్మదించాడని జాలిపడ్డాను, బండిని నెమ్మదింపజేసింది నా జాలే.

ఆయన చెయ్యి మాత్రం వారం వారం నిజమే చెబుతూ వచ్చింది, గుంజడం లేదు, గుంజడం లేదు అని. ఆయన చేతిని కాదని నన్ను నమ్మాడు. ఇప్పుడు ఏ బండి మీద చెయ్యి పెట్టినా ఆ చేతిని నమ్మడం లేదు. ఆ చెయ్యే కదా మా బతుకు. ఆయనకు ఆ చెయ్యి తప్ప ఇంకేముంది?

ఇంకో సంగతి. ఇరవై మూడున ఆ బోర్డు మీద పదిహేను నాలుగు పడుతుంది, వందల మంది ముందు. వయసైపోయింది అనుకుంటాడు. కసమ్ తినే ఉన్నాడు, బండి పక్కన పెట్టేస్తాడు. నా వల్ల అని ఎప్పటికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు, నేను కోరుకున్నదే జరుగుతుంది.

వద్దు. ఇలా వద్దు.

22 జనవరి

చెబుదామని గ్యారేజీలోకి మూడుసార్లు పోయాను. మొదటిసారి టీ ఇచ్చాను. రెండోసారి ఖాళీ కప్పు తెచ్చాను. మూడోసారి ఎందుకొచ్చానో నాకే గుర్తు రాక, నేల మీద బోల్టులన్నీ ఏరి డబ్బాలో వేశాను. అవి ఏరినందుకు ఒక తిట్టు పడింది, వరసగా పెట్టుకున్నాడట.

సాయంత్రం బలరాం వస్తే గుమ్మం దగ్గరే ఆపి సంగతి చెప్పాను. నువ్వు చెప్పవయ్యా అని బతిమాలాను.

"నాకు ఎప్పుడో డౌటున్నది వదినా. బండి లేచేది నా కండ్ల ముంగటనే గద."

"డౌటుంటే ఇన్నాళ్లూ నోరెందుకు మూసుకున్నావు?"

"నువ్వు మూసుకుంటివి, నేనూ మూసుకుంటి. నేను గుడ్డ దించేటోన్ని. గడియారం నీ చేతిల ఉన్నది, నువ్వే చెప్పాలె."

స్నేహితుడంట, స్నేహితుడు.

24 జనవరి, శుక్రవారం

చెప్పాను.

గీత దాటి, ఆపి, తిప్పుకుని వచ్చాడు. హెల్మెట్ తీసి, "ఎంత?" అన్నాడు. వాచీ ఆయన వైపు తిప్పాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ, ఏదీ చూపించు అని అడగని మనిషి. ముందుకు వంగి చూశాడు. పదిహేను నాలుగు.

"వాచీ కరాబైందా?"

"వాచీ బాగానే ఉంది. నేనే మీకు తక్కువ చేసి చెబుతూ వచ్చాను."

"ఎప్పటి సంది?"

"మీకు డెంగ్యూ వచ్చి లేచినప్పటి నుంచి."

"అన్ని శుక్రవారాలా?"

"అన్నీ."

గ్లవ్ ఊడదీశాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, ఎన్నడూ చెయ్యెత్తని మనిషిని పట్టుకుని. తన చేతినే చూసుకున్నాడు. వేళ్లు మూసి తెరిచాడు.

"గంటే బండి నిజంగనే గుంజుతలేదా?"

"లేదు."

"నా చెయ్యి చెప్పిందే కరెక్టా?"

"మీ చెయ్యే కరెక్టు. మొదటి నుంచీ."

తారు రోడ్డు మీద చతికిలబడ్డాడు. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఏడుస్తున్నాడనుకుని భుజం మీద చెయ్యి వేశానో లేదో, ఒక్కసారిగా లేచాడు.

"ఈ చేతికి కరెంటు పెట్టించినవ్ గదనే! సూదులు గుచ్చిపిచ్చినవ్! వయసొచ్చిందని నా మొఖం మీదనే అన్నవ్!"

అవతలి చివర నుంచి బలరాం ఏమైందని చేతులూపుతున్నాడు. వస్తే ఇద్దరికీ పడతాయని తెలిసి అక్కడే ఆగాడు, తెలివైనవాడు. ఈయన బండి తోసుకుంటూ నడిచాడు. నేను వెనక. డబ్బాలో అన్నం అలాగే ఇంటికి వచ్చింది.

25 జనవరి

మాట లేదు.

26 జనవరి

మాట లేదు. ఉప్పు కావాలంటే మహీన్‌కు ఫోన్ చేశాడు. అది ఖమ్మం నుంచి నాకు ఫోన్ చేసి, "అబ్బాకు ఉప్పు కావాల్నట" అంది. ఉప్పు డబ్బా ఆయన చేతికి అందేంత దూరంలోనే ఉంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికి ఒకడు.

29 జనవరి

"ఆ కొలతల పుస్తకం తీస్కరా" అన్నాడు. ఐదు రోజుల తర్వాత మొదటి మాట.

ఆయన పుస్తకం ఒక పక్క, నా పుస్తకం ఒక పక్క. నా గొలుసు రాత ఆయనకు రాదు కాబట్టి నేనే చదవాల్సి వచ్చింది. ఫలానా తారీఖు, సరళ టీచరు చేతి పొడవు, జంపక్క భుజం, జా.మి. పదిహేను ఒకటి. నేను చెప్పిన టైము మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పక్కన అసలుది వేసుకుంటూ పోయాడు. తొంభైకి పైగా శుక్రవారాలు. ఒక్కొక్కటి చదువుతుంటే మధ్యలో ఆపి, నీళ్లు తాగి మళ్లీ చదవాల్సి వచ్చింది. రెండేళ్ల కింద వాటిని రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు నాకు.

ఒకచోట ఆగాడు. ముందటేడు అక్టోబరులో ఒక వారం నిజంగానే పద్నాలుగు ఎనిమిది వచ్చింది. జ్వరం నుంచి తేరుకుని, మనిషీ బండీ రెండూ దారిలో పడ్డ వారం అది. ఆ పై వారం పెద్ద జెట్ వేశాడు. పదిహేను వచ్చింది. నేను పద్నాలుగు ఏడన్నాను.

"గిక్కడ" అని వేలితో కొట్టాడు. "గిక్కడనే దారి తప్పిన."

"మీరు తప్పలేదు, నేను తప్పించాను" అన్నాను. ఆ పద్నాలుగు ఎనిమిది వచ్చిన రోజు బండికి ఏ జెట్ ఉందో, ఎన్ని పళ్లున్నాయో చూసి కాగితం మీద రాసుకుని గ్యారేజీలోకి పోయాడు. మధ్యాహ్నం లోపు బండిని పదిహేను నెలలు వెనక్కి తీసుకుపోయాడు.

31 జనవరి, శుక్రవారం

వాచీ నా దగ్గర తీసుకుని బలరాంకు ఇచ్చాడు. ఎర్ర గుడ్డ నాకు ఇచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇన్నేళ్లుగా ఆ చివర నిలబడి, ఈయన రావడం చూశాను గానీ పోవడం ఎప్పుడూ చూడలేదు. బండి దగ్గర వంగి ఒకసారి ఎక్సలేటర్ తిప్పాడు. తల పక్కకు వంచి విన్నాడు. అరచెయ్యి ట్యాంకు మీద పెట్టాడు.

"పద్నాలుగు తొమ్మిది" అన్నాడు. నాతో కాదు, తనలో తను.

గుడ్డ దించాను. బండి లేచిన గాలికి నా దుపట్టా ఎగిరి మొహం మీద పడింది, ఏమీ చూడలేదు. కాసేపటికి అవతల నుంచి బలరాం చెయ్యి ఎత్తి దించి లెక్క చూపించాడు. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత తొమ్మిది.

నాకు ఏడుపు ఆగలేదు. దుమ్ము పడిందని చెప్పాను. అదీ అబద్ధమే.

7 ఫిబ్రవరి, శుక్రవారం

పద్నాలుగు ఆరు. పరుగుకు ముందే తనే చెప్పాడు, అంతే వచ్చింది.

11 ఫిబ్రవరి

ఈ మనిషితో మళ్లీ వేగలేకపోతున్నాను. అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి, "గా పోయే బండికి క్లచ్ పోయింది" అంటాడు. ముద్ద నోట్లో పెట్టుకుని, "గదానికి చైను లూజు" అంటాడు. చందూలాల్ సేఠ్ స్కూటర్‌ను సత్తుపల్లిలో బాగు చేసిన వాడి తాతకు కూడా పని రాదట, తనే పిలిపించుకుని ఊరికే చేసి పంపాడు. నెల కింద ఒళ్లో చెయ్యి పెట్టుకుని మూగగా కూర్చున్నవాడే నయం అనిపించింది. తౌబా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

14 ఫిబ్రవరి

అన్నం అయిందా అంటే అయిందన్నాను. వచ్చి మూత తీసి చూశాడు.

బలరాంకు ఫోన్ చేసినవా అని అడిగాడు. చేశానన్నాను. మళ్లీ తను చేశాడు.

చెప్పకుండా ఉంటే ఒక బాధ, చెబితే ఒక బాధ. కావాలని చేస్తున్నాడా అని రెండు రోజులు గమనించాను. కావాలని కాదు. తెలియకుండానే చేస్తున్నాడు. అదే నాకు ఎక్కువ మంట.

24 ఫిబ్రవరి, సోమవారం

నిన్న పోటీ అయింది. ఇప్పుడే లేచాను, నడుము పట్టేసింది. మహీన్‌కు డ్యూటీ ఉందని రాలేదు. నేను, ఈయన, బలరాం, వెనక ట్రాలీలో బండి. రన్‌వే మీద నీడంటూ లేదు. చుట్టూ తోలు సూట్లు వేసుకున్న పిల్లలు, ఒక్కొక్కడి బండి రంగు చూస్తే కళ్లు చెదురుతాయి. ఈయన పాత జీన్సు ప్యాంటు, మోకాలికి నేను వేసిన అతుకు.

పొద్దున పరుగు పద్నాలుగు అరవై ఒకటి. ఇంత పెద్ద బోర్డు మీద ఎర్రగా పడింది. పదిహేను దాటలేదు. కసమ్ తీరలేదు, ఇంక ఈ బండి ఇంట్లోంచి పోదు. నా ఖర్మ. చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు మండాయి.

మధ్యాహ్నం మొదటి జత ఈయనదే. పక్కన పందొమ్మిదేళ్ల పిల్లాడు. బలరాం నీళ్ల సీసా, పానాల సంచీ పట్టుకుని అవతలి చివరకు పోయాడు, బండి ఆగేది అక్కడ కాబట్టి. నేను బండ్లు లేచే చోట కంచె పట్టుకుని నిలబడ్డాను. ఈసారి దుపట్టా నడుముకు బిగించి కట్టాను. జనమంతా ఆ పిల్లాణ్ణే చూస్తున్నారు, వాడి ఊరి వాళ్లట, పేరు పెట్టి అరుస్తున్నారు.

నేను ఈయన్నే చూశాను. పసుపు లైటు, పసుపు లైటు, ఈయన భుజాలు కిందికి దిగాయి, ఊపిరి వదిలాడు. ఆకుపచ్చ పడీ పడకముందే ఈయన లేడు అక్కడ. ఆ పిల్లాడు ఇంకా నిలబడే ఉన్నాడు. ముందు చక్రం అరచెయ్యి ఎత్తు లేచి మెత్తగా దిగింది. మనిషి ఒక్క వెంట్రుక పక్కకు ఊగలేదు. ముప్పై మూడేళ్లుగా ఈయన దేనికోసం పిచ్చివాడిలా తిరుగుతున్నాడో ఆ ఒక్క క్షణం నాకు కనబడింది.

తర్వాత ఆ పిల్లాడి కొత్త బండి వచ్చి దాటేసింది. వాడిది పదమూడు రెండు, ఈయనది పద్నాలుగు యాభై ఐదు. ఓడిపోయాడు. టైము అచ్చేసిన చీటీ ఇచ్చారు. బండి కదిలినప్పటి నుంచే వాళ్ల లెక్క మొదలవుతుంది. లైటు పడ్డాక ఎవరు ముందు లేచారన్నది అందులో ఉండదు.

నేను పరుగెత్తుకుంటూ పోయాను, ఈ మోకాళ్లతో.

"ఇంత బాగా లేవడం ఇన్నేళ్లలో నేను చూడలేదండీ. వాడికంటే ముందు మీరే లేచారు, ఇంతా అంతా కాదు."

చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు గట్లనే అంటవులే" అన్నాడు. కోపంగా అనలేదు. నవ్వుతూ, నా తల మీద చెయ్యి వేసి అన్నాడు.

"బలరాం, నువ్వన్నా చెప్పు" అన్నాను.

"నేను గీ చివర ఉన్న గద వదినా. గక్కడిది నాకేం కనబడ్తది?"

ఇల్లెందు రోడ్డు దగ్గర టీ తాగుతూ ఇంకోసారి చెప్పాను. కొత్తగూడెం దాకా వచ్చాక ఇంకోసారి. ఇంట్లో బండి దింపేటప్పుడు ఒకసారి, అన్నం పెట్టేటప్పుడు ఒకసారి. మొత్తం ఐదు. నమ్మితే ఈ మనిషి ఊరుకునేవాడా? ఎంత ముందు లేచిన, చక్రం ఎంతెత్తు లేచింది, లైటు పడ్డంక లేచిన్నా పడకముందా అని నా ప్రాణం తోడేసేవాడు.

ఐదుసార్లూ మర్యాదగా తలూపాడు.